మంచుకు దూది కోట్లు

పద్మశ్రీ ఒక పని అనుకుందంటే అది సగం అయిపోయినట్టేనని ప్రొద్దుటూరు బజారులో అందరూ ఒప్పుకుంటారు. మిగతా సగం ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం ఎవరూ అడగరు. చీరల కొట్టులో ఇరవై ఏళ్ళుగా కూర్చున్న మనిషి. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళ చేత కూడా రెండు చీరలు కొనిపించి, వాటికి జాకెట్టు గుడ్డలు అంటగట్టి, కుట్టడానికి కొలతలు కూడా తీయించి పంపిస్తుంది. అలాంటి మనిషికి నలభై నాలుగో ఏట మంచు మీద జారాలన్న కోరిక పుట్టింది.

పుట్టించింది ఫోనులో కనబడిన ఒక వీడియో. యాభై దాటిన ఒకావిడ కాళ్ళకు పొడవాటి స్కీ బద్దలు కట్టుకుని మంచు వాలులో జారుతోంది. జారింది రెండు గజాలే. పడింది. లేచింది. మళ్ళీ పడింది. చుట్టూ పదిమంది చూస్తున్నారు, ఆవిడ పడినచోటే కూర్చుని పకపకా నవ్వుతోంది. పద్మశ్రీ ఆ వీడియోను నాలుగుసార్లు చూసింది. ఆమెను పట్టుకున్నది జారడం కాదు, ఆ నవ్వు. రెండేళ్ళ కిందట కల్యాణ మండపంలో తడినేల మీద తాను కాలుజారి పడితే, ఊరు నెల రోజులు చెప్పుకుంది. పాపం అన్నవాళ్ళు కూడా మూతి పక్కకు తిప్పుకునే అన్నారు.

ఆ రోజు నవ్వకుండా దగ్గరికి వచ్చింది షాహీదాబీ ఒక్కతే. పద్నాలుగేళ్ళుగా పద్మశ్రీ కొట్టుకు జాకెట్లు కుట్టే మనిషి. పడ్డప్పుడు వీపు మీద చిరిగిన జాకెట్టుకు తన ఓణీ కప్పి, చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకుపోయి, ఒంటి మీదనే నాలుగు కుట్లు వేసి, ఏమీ జరగనట్టు తీసుకొచ్చి బంతిలో కూర్చోబెట్టింది. పద్మశ్రీ ఆ మేలు మరిచిపోలేదు. మరిచిపోలేదని షాహీదాకు ఏనాడూ చెప్పనూ లేదు, అది వేరే సంగతి.

అందుకే మంచుకు పోవాలనుకున్న నిమిషంలోనే ఇంకొకటి కూడా తీర్మానించుకుంది. షాహీదా రావాలి. ఆమె రాకపోతే ఈ ప్రయాణమే లేదు. నలుగురిలో పడ్డా పక్కన షాహీదా ఉంటే సిగ్గుండదని ఆమె ధైర్యం. ఆ ధైర్యం కోసమే ఖర్చు తగ్గించాలి. మిషను మీద బతికే మనిషికి అందేటట్టు ఉండాలి ప్రయాణం.

ఇంట్లో చెప్పింది. అత్త కామాక్షమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తల కూడా ఎత్తలేదు.

“ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందంట. పొయ్యి రాపో.”

భర్త రామాంజులు మంచివాడే. భార్య నిర్ణయాలకు ఎదురు చెప్పి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు. “కొట్టు ఎట్ల?” అని మాత్రం అడిగాడు. దానికీ పద్మశ్రీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఈ ఏడు మూఢం ఫిబ్రవరి నడిమి దాకా ఉంది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, పెళ్ళిళ్ళు లేకపోతే పట్టుచీరలు కదలవు. ఈగలు తోలుకునే ఆ రోజుల్లో కొట్టుకు ఒక మనిషి చాలు. మంచి పనులు మొదలుపెట్టని రోజుల్లో ప్రయాణమేందని కామాక్షమ్మ గొణిగింది గానీ, జారి పడేదానికి ముహూర్తమెందుకని కోడలు అంటే ఆమెకూ నవ్వొచ్చింది.

మూడో మనిషి నందిని. పద్మశ్రీతో పాటు జమ్మలమడుగులో ఇంటర్ చదివింది, పెళ్ళయి పులివెందులలో స్థిరపడింది. అరటి తోటలున్న ఇల్లు, చేతిలో నాలుగు డబ్బులాడే మనిషి. ఫోనులో సంగతి వినగానే విమానంలో పోదామంది.

“విమానమంటే షాహీదా యాడ తెస్తాదే?” అంది పద్మశ్రీ. “రైల్లోనే పోతాండాం.”

ఆ తర్వాత వారం రోజులు ఆమె ప్రయాణాన్ని చీర కుచ్చిళ్ళలాగా మడిచి మడిచి చిన్నది చేసింది. ఎర్రగుంట్లలో రైలెక్కి, దోవలో ఒకచోట మారి, ఢిల్లీ చేరాలి. అక్కడి నుంచి మనాలీకి బస్సు. మంచు వాలులుండేది మనాలీ పక్కన సోలాంగ్ లోయలో. కానీ అక్కడే దిగితే రేట్లు మండుతాయి గనక మనాలీ ఊళ్ళోనే ముగ్గురికీ ఒక గది. శని ఆదివారాల్లో జనం తిరునాళ్ళలాగా ఉంటారు కాబట్టి సోమ, మంగళ, బుధ మూడు రోజులు నేర్చుకోవడం. బద్దలు, బూట్లు రోజువారీ బాడుగకు దొరుకుతాయి. మనిషికొక గురువు కాకుండా ముగ్గురికీ కలిపి ఒకరు. పొడులు, ఊరగాయలు, అటుకులు ఇంటి నుంచే. ఇంత మడిచినా ఒకటి మాత్రం ఉబ్బెత్తుగా మిగిలింది. మంచుకోట్లు. అక్కడ అవి కూడా బాడుగకిస్తారట. వాళ్ళూ వీళ్ళూ తొడిగి విడిచినవి, రోజుకింత చొప్పున. పద్మశ్రీకి అది మింగుడుపడలేదు. బట్టల కొట్టు పెట్టుకుని బట్ట బాడుగకు తెచ్చుకుంటే నగుబాటు కదా?

షాహీదాకు సంగతి చెప్పింది కొట్టు వెనక గదిలో. షాహీదా అప్పుడు మూఢం పోయాక పెళ్ళి పెట్టుకున్న ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు గుండుసూదులు పెడుతోంది. నాలుగు సూదులు పళ్ళ మధ్య ఉన్నాయి. మంచు, రైలు, సోలాంగ్, మూడు రోజులు, అన్నీ పద్మశ్రీ ఏకధాటిగా చెప్పింది. షాహీదా తలాడించింది. సూదులన్నీ గుడ్డలో దిగాక నెమ్మదిగా అంది.

“నాకాడ అన్ని దుడ్లు లేవక్కా.”

“నువ్వు దుడ్లు ఇయ్యబళ్ళేదు మే. ముగ్గురికీ కోట్లూ ప్యాంట్లూ కుట్టు. బట్ట నాది, కుట్టు నీది. దాంతో నీ వంతు తీరిపోతాది. ఎవురి సొమ్మూ ఎవురూ తినినట్టు కాదు.”

షాహీదా కాసేపు ఆలోచించింది. చేతిపనితో వంతు కట్టడం ఆమెకు తెలిసిన లెక్కే. “లోపల ఏం పెడదామక్కా?”

“దూది.”

ప్రొద్దుటూరులో ఇంకో మాట ఎవరి నోటా రాదు. పత్తి మిల్లుల ఊరు అది. పద్మశ్రీ నాన్న పత్తి దలారి, బ్రతికినన్నాళ్ళూ దూదిపరుపు మీద తప్ప పడుకోలేదు. షాహీదా నాన్న ఆయన దగ్గర దూదేకి పరుపులు కుట్టినవాడు. ఇద్దరి ఇళ్ళలోనూ చలికి మందు దూదే.

“తడిస్తే ఎట్లక్కా?” అంది షాహీదా.

“మంచు తడెందుకైతాది? వీడియోలో చూల్లేదా, పిండి మాదిరి దులిపితే రాలిపోతాంటే. పత్తి సంగతి పత్తి దలారి బిడ్డకే చెప్తాండావా?”

షాహీదా మళ్ళీ గుండుసూదుల పనిలో పడింది. మరుసటి వారానికి మూడు జతలు కుట్టుకొచ్చింది. ముదురు నీలం గుడ్డ, లోపల సన్నగా ఏకిన దూది, గళ్ళు గళ్ళుగా కుట్టు. అంత నీటుగా కుట్టిన కోట్లు బొంబాయిలో కూడా దొరకవని పద్మశ్రీ బజారంతా చూపించింది. కుట్టిన మనిషి పేరు కూడా చెప్పింది, ఆమాటకామాట చెప్పుకోవాలి.

నేర్చుకునేవాళ్ళు మొదట నిలబడడం నేర్చుకోవాలని నందిని ఎక్కడో చదివింది. జనవరిలో ఒక ఆదివారం ముగ్గురూ జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డుకు పోయారు. వడ్రంగి చేత చెక్కబద్దలు కోయించి, వాటి మీద పాత చెప్పులు మేకులతో కొట్టించారు. ఇసుకదిబ్బ మీదికెక్కి ఒకరి తర్వాత ఒకరు జారారు. జారారంటే గొప్పలు చెప్పుకోవడమే. మొదటి అడుగుకే నందిని బోర్లా పడింది, రెండో అడుగుకు పద్మశ్రీ వెల్లకిలా పడింది. మేకలు మేపుతున్న ఒక ముసలాయన గడ్డం గోక్కుంటూ వచ్చి నిలబడ్డాడు.

“ఏం పని మా ఇది? సినిమా తీస్తాండారా?”

“కాదు తాతా, పడేది నేర్చుకుంటాండాం,” అంది షాహీదా.

“దానికి నేర్చుకునేదేముండాది,” అని ఆయన మేకల వెంట పోయాడు. ముగ్గురూ ఇసుకలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. ఆ పూట పద్మశ్రీకి ప్రయాణమంతా అప్పుడే అయిపోయినంత ఆనందంగా ఉంది. దూది కోట్ల మీద ఇసుక దులిపితే రాలిపోయింది. చూశారా అన్నట్టు ఆమె ఇద్దరి వైపూ చూసింది.

ఇంటికొచ్చి చెబితే కామాక్షమ్మ, “ముగ్గురు కలిసి బయలుదేరగూడదు. సంచిలో ఒక రాయి వేసుకోండి, నలుగురైతారు,” అంది. సరేనంది పద్మశ్రీ. రాయికి టికెట్టక్కర్లేదు కదా.

అసలు పరీక్ష పులివెందులలో జరిగింది. నందిని తమ్ముడికి అరటిగెలలు నిలవచేసే కోల్డ్ రూము ఉంది. గెలలు లారీకెక్కి గది ఖాళీ అయిన రోజు చూసి, ఐసు ఫ్యాక్టరీ నుంచి దంచిన ఐసు ఆరు బస్తాలు తెప్పించి లోపల వాలు చెక్క మీద పరిపించింది నందిని. మంచంటే సుమారు ఇదేనంది. తలుపు మూసుకుని ముగ్గురూ దూది కోట్లు తొడుక్కుని దిగారు.

మొదటి పావుగంట బాగానే గడిచింది. జారారు, పడ్డారు, లేచారు. తర్వాత పద్మశ్రీ పడింది, లేవబోయింది, లేవలేకపోయింది. వీపు కింద, తొడల కింద దూది నీళ్ళు తాగి పరుపంత బరువైపోయింది. చల్లదనం గుడ్డ దాటి, ఒళ్ళు దాటి, ఎముకల్లోకి పోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నందిని చేతులు పట్టి లాగితే కోటు అంచుల నుంచి నీళ్ళు ధారకట్టాయి.

“నీళ్ళు పిండాల్సిందే నిన్ను,” అంది నందిని వణుకుతూనే. “మే, ఈ కోట్లేసుకుని నిజం మంచులోకి పోతే మనం మళ్ళా రాము.”

షాహీదా గోడకానుకుని నిలబడి ఉంది. రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, ముఖం తిప్పుకుని ఉంది. ఆమెకు ఆశ్చర్యం కలిగినట్టు లేదు. పద్మశ్రీకి అది కోపంలాగా కనబడింది. నా మాట వినకపోతివే అన్న కోపం. ఆ కోపం న్యాయమైనదే గనక పద్మశ్రీకి ఇంకా కష్టంగా ఉంది. తప్పు చేశానని ఒక్క మాట అనడానికి నోరు తిరగలేదు. చలికని తనకు తాను చెప్పుకుంది. చలి ఒక్కటే కారణం కాదని ఆమెకూ తెలుసు.

బస్సులో ప్రొద్దుటూరు వస్తూ దోవంతా ఆమె కొత్త ఏర్పాట్లు చెప్పింది. కోట్లు అక్కడే బాడుగకు తీసుకుందాం. షాహీదా వంతు తాను పెట్టుకుంటుంది. కావాలంటే జాకెట్ల కుట్టుకూలిలో నెలకింత తగ్గించుకోవచ్చు.

“వద్దక్కా,” అంది షాహీదా.

“వద్దంటే ఎట్ల? టికెట్లు తీసినాం గదా.”

“వద్దక్కా,” అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

మరునాడు షాహీదా కొట్టుకు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. కుట్టిన జాకెట్లు ఎవరి చేతో పంపింది, అన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి. మూడో రోజు పద్మశ్రీ గల్లాపెట్టె భర్తకప్పగించి బయలుదేరింది. షాహీదా ఉండే సందు ఆమెకు తెలుసు. వాకిట్లో నిలబడి గుడ్డలమూట ఇచ్చిన రోజులున్నాయి. లోపలికి పోయిన రోజు మాత్రం పద్నాలుగేళ్ళలో ఒక్కటీ లేదు. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే అది గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

లోపల ఒకటే గది, వెనక చిన్న పెరడు. భర్త అబ్దుల్ సలాం సిమెంటు లారీతో ఎటో పోయాడు. షాహీదా పెరట్లో చాప పరిచి, మూడు కోట్లనూ కుట్లు విప్పి, లోపలి దూదిని ఎండకు ఆరబోసింది. పద్మశ్రీని చూసి గబగబా లేచి కుర్చీ తేబోయింది. పద్మశ్రీ చాప మీదనే చతికిలబడింది.

“పని కాడికి ఎందుకు రాకుండా ఉండావు?”

“ఇది ఎండితే ఒక బొంతన్నా అయితాది. మంచి దూది, పారేసేకి మనసు రాలే.”

“షాహీదా, తప్పు నాది. తడిస్తే అని నువ్వంటివి. నేనే వినలేదు.”

షాహీదా దూదిని వేళ్ళతో విడదీస్తూనే ఉంది. “దానికి కోపం లేదక్కా. కోట్లు చెడితే బొంత అయితాయి.”

“మరి దేనికి?”

ఆమె చేతిలోని దూదిని చాప మీద పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

“మంచుకు పోదామని నువ్వు నన్ను అడగలేదక్కా. చెప్పినావు. కోట్లు కుట్టమని చెప్పినావు, దూది పెట్టమని చెప్పినావు, వంతు నేను కడతానని చెప్పినావు. వస్తావా అని ఒక తూరన్నా అడిగింటే, రానని ఒక మాటతో పోయేది.”

“నీకు రావాలని లేదా?”

“చలంటే నాకు పడదు. చలికాలం పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని గంటసేపు కూచుంటే గానీ సూది పట్టుకోలేను. ఆ పొద్దు ఐసు గదిలో వేళ్ళు తెల్లగైపోయినాయి, చంకల్లో పెట్టుకున్నా రంగు తిరిగి రాలే. ఈ వేళ్ళు పోతే నాకేముండాది?” అని ఆగి, “జనవరిలో జాకెట్లు ఆలీశమైతే నువ్వు అరుస్తావే. ఎందుకైతాండాదని అడగలేదు గదా,” అంది.

పద్మశ్రీ ఆ చేతుల వైపు చూసింది. ఈ వేళ్ళ కుట్లతోనే కొట్టు నడిచింది. జనవరిలో తాను ఏమేమి అన్నదో ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది. పెళ్ళివాళ్ళ ముందు కూడా అంది. పోయిన ఏడు, అంతకు ముందేడు. మంచి గ్లౌజులు దొరుకుతాయి మే, ఉన్నివి, అని నాలుక చివరి దాకా వచ్చింది. ఒక చీర వద్దంటే ఇంకో చీర విప్పే అలవాటు అది. షాహీదా ముఖం చూసి నోరు మూసుకుంది. ఆమె జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్న సందర్భం ఇంకొకటి లేదు.

“ఇప్పుడడుగుతాండా,” అంది చివరికి. “వస్తావా?”

“రాను.”

అడిగినందుకు వస్తానంటుందేమోనని పద్మశ్రీకి లోపల ఆశ ఉండింది. ఆ ఆశ తెగిపోయినప్పుడు బాధ కలిగింది. దాచుకోకుండా చెప్పింది. “నువ్వు లేకపోతే నాకు భయం. ఆ పొద్దు మండపంలో పడితే నువ్వొక్కదానివే నవ్వలేదు. నువ్వుంటే యాడ పడినా సిగ్గుండదనుకుంటి. ఇన్ని రోజులూ నీ కోసరం ఖర్చు తగ్గిస్తాండానని చెప్పుకుంటి గానీ, అంతా నా కోసరమే.”

షాహీదా ఆమెను తేరిపార చూసింది. ఈ మాట ఆమె ఊహించలేదు.

“నవ్వొచ్చింది నాకు కూడా,” అంది. “మండపంలో. బిగబట్టుకుంటి. గదిలో కుట్లేసేటప్పుడు నీ వీపు తట్టు నిలబడి నవ్వుకుంటి.”

పద్మశ్రీ చేతికందిన దూది పింజ తీసి ఆమె మీదికి విసిరింది. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక షాహీదా కళ్ళు తుడుచుకుంది.

“నువ్వు పోయి రా అక్కా. నేను రాలేదని మానుకోవద్దు. మానుకుంటే అది కూడా నా నెత్తినే పడతాది. బాడుగ కోటు తీసుకునేటప్పుడు నీ సైజు కంటే ఒకటి పెద్దది తీసుకో, భుజాల కాడ పట్టేస్తాది నీకు.”

ఫిబ్రవరి మొదట్లో పద్మశ్రీ, నందిని ఎర్రగుంట్లలో రైలెక్కారు. ఇద్దరే గనక రాయి అవసరం పడలేదు.

సోలాంగ్‌లో గురువు మొదట నేర్పింది పడడమే. హిందీ సగమే అర్థమైనా, చేతులు ముందుకు చాచొద్దని, పక్కకు ఒరిగి కూలబడాలని చేసి చూపించాడు. కోటు ఒక సైజు పెద్దది, ఎవరెవరో తొడిగినదే, లోపలికి చుక్క తడి రానివ్వలేదు. మొదటిసారి పడినప్పుడు పద్మశ్రీకి చెవుల దాకా వేడెక్కింది. వాలు నిండా ముక్కూ మొహం తెలియని జనం. ఎవరైనా చూశారా అని తల తిప్పింది. ఇద్దరు ముగ్గురు చూశారు. చూసి వాళ్ళ పాటికి వాళ్ళు పడ్డారు. మధ్యాహ్నానికి లెక్క తప్పిపోయింది. ఒకసారి నాలుగు గజాలు నిలువునా జారింది కూడా. ఆ నాలుగు గజాల్లో ఆమె ఊపిరి తీసుకోలేదు. చివర పడినప్పుడు కూర్చున్నచోటే గట్టిగా నవ్వింది. పక్కన ఎవరూ లేరు. నందిని ఎక్కడో పైన పడి ఉంది.

ఈ సంగతి షాహీదాకు ఇప్పుడే చెప్పాలనిపించింది. జేబులోంచి ఫోను తీసి కలిపింది. అటు నుంచి మిషను చప్పుడు వినబడింది. షాహీదా, నేను చెప్పేది విను, అని మొదలుపెట్టబోయి ఆగింది.

“పనిలో ఉండావా? ఇప్పుడు మాట్లాడొచ్చా?”

మిషను ఆగింది.

“జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టాల్సుండాది అక్కా,” అంది షాహీదా. “పది నిమిషాలు ఆగుతావా? నేనే చేస్తా.”

“ఆగుతా,” అంది పద్మశ్రీ.

పై నుంచి గురువు చెయ్యి ఊపి రమ్మంటున్నాడు. కాసేపాగమని ఆమె తిరిగి చెయ్యి ఊపింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, పడినచోటే మంచులో కూర్చుని, షాహీదా కుట్టు పూర్తయ్యే దాకా ఎదురుచూసింది.